మెట్ల కింద ఏడు, ఎనిమిది

జూలై 6

అత్తా,

నీ చెవి మిషను ఫోనుకి ఆనించగానే కీచుమంటుంది కాబట్టి ఉత్తరమే గతి. అక్షరాలు బాగాలేవని తిట్టకు. నోటుబుక్కులు దిద్దీ దిద్దీ నా చేతిరాత నాకే అర్థం కావడం లేదు.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన ఊళ్లోనే నాకు పోస్టింగు వచ్చిందని చెప్పాను కదా. ఎనిమిదో తరగతికి సైన్సు. పాఠం చెబితే ఆవలిస్తున్నారని ఈసారి ప్రాజెక్టు ఇచ్చాను. ఇంట్లో కరెంటు ఆదా చేయాలి. రెండు వారాలు మామూలుగా వాడాలి, తర్వాత రెండు వారాలు పొదుపుగా వాడాలి. రోజూ పొద్దున ఏడింటికి మీటరు చూసి అంకె రాసుకోవాలి. ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో వాళ్లే లేచి క్లాసుకి చెప్పాలి. కాగితం మీద ఎంత బాగుందో.

మొదటి వారం అంకెలు చూసేసరికి నాకు తల తిరిగింది. ఒకడింట్లో వారానికి ముప్పై ఒక్క యూనిట్లు. వాడి పక్కింటి పిల్లకి మూడు వందల పది. రెండిళ్లలోనూ అవే ఫ్యాన్లు, అదే ఫ్రిజ్జు. ఆ పిల్ల తండ్రి బడికొచ్చి, "మా ఇంట్లో ఏముంది టీచర్, ఫ్యాక్టరీ ఏమైనా నడుపుతున్నానా?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు. నిజం చెప్పనా, నా ఇంటి మీటరు ఎక్కడుందో కూడా నాకు మొన్ననే తెలిసింది. ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివినదానివి. ఏదో ఒకటి చెప్పి నా పరువు కాపాడు.

నీ మేనకోడలు

జూలై 10

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మా తమ్ముడు నిన్ను అంత సైన్సు చదివించాడు గానీ మీటరు చదవడం నేర్పలేదు. నన్ను అడిగితే ఒక పూటలో నేర్పేదాన్ని.

చివరి అంకె చుట్టూ ఎర్రగీత ఉంటుంది, చూశావా? అది యూనిట్టులో పదోవంతు. దాన్ని వదిలేసి చదవాలి. ఆ పిల్ల దాన్నీ కలిపి చదివింది, అంతే. వాళ్ల నాన్నని ఫ్యాక్టరీ మూసేసుకోమను. పాత లెక్కలు చింపేసి మళ్లీ మొదలుపెట్టించు.

ఇంకో మాట. మీటరుకి సరిగ్గా ఎదురుగా నిలబడాలి, పక్కనుంచి చూస్తే అంకె మోసం చేస్తుంది. రాసేముందు పైకి చదవాలి, రాశాక మళ్లీ చూడాలి. రెండోసారి చూశానన్న గుర్తుకి నేను ప్రతి అంకె కిందా చుక్క పెట్టేదాన్ని. ఇప్పటికీ ఉత్తరం మీద తారీఖు వేసినా చుక్క పెట్టనిదే చెయ్యి ఊరుకోదు. నా సర్వీసు మొత్తంలో తప్పు రీడింగు ఒక్కటి లేదు. పైవాళ్లనే అడుగు.

నీ చిన్నప్పుడు నేనిచ్చిన ఇనప టార్చి ఇంకా ఉందా? మీటర్లు మెట్ల కింద చీకట్లో ఉంటే పనికొస్తుంది. అది కొన్నది కాదు, ఆఫీసులో అందరి ముందూ పిలిచి ఇచ్చింది. ఎందుకిచ్చారో తీరిగ్గా రాస్తాను.

అత్త

ఆగస్టు 6

అత్తా,

ఎర్రగీత మంత్రంలా పనిచేసింది. జూలై 14న మళ్లీ మొదలుపెట్టాం. పొదుపు వారాలు మొన్న 28 నుంచి నడుస్తున్నాయి. అందరి అంకెలూ కొంచెం కొంచెం తగ్గుతున్నాయి. ఫ్రిజ్జు ఆపేసి అందులో బట్టలు పెట్టుకున్నవాడొకడున్నాడు.

ఒక్క నోటుబుక్కు దగ్గరే నాకు బుర్ర పనిచేయడం లేదు. క్లాసులో పిచ్చుక అని పిలిచే పిల్ల ఒకతె ఉంది. మాట్లాడితే పక్క బెంచీకి కూడా వినపడదు. వాళ్లమ్మ, నానమ్మ ఇంట్లోనే యూనిఫారాలు కుడతారు. పగలంతా మోటారు మిషను, ఇస్త్రీపెట్టె నడుస్తూనే ఉంటాయి. మామూలు వారాల్లో ఆ ఇంటి వాడకం ఎంతనుకున్నావు? రోజుకి రెండు యూనిట్లు. ఇస్త్రీపెట్టె ఒక్కటే రెండు మూడు గంటల్లో అంత తాగేస్తుంది కదా. సరే, పొదుపు వారాలు వచ్చాయి. బల్బులు తీసేశాం, ఇస్త్రీ అంతా ఒకేసారి చేస్తున్నాం, మధ్యాహ్నం కిటికీ దగ్గరికి మిషను జరిపాం అని పేజీ నిండా రాసింది. రోజువారీ అంకె మాత్రం ఆరుకీ ఏడుకీ ఎక్కింది.

ఇదేమిటమ్మా అంటే, "మీటరు అలాగే చూపించింది టీచర్" అంటుంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ ఆ పేజీ మీద ఎర్రసిరాతో అడ్డంగా 'కల్పితం' అని రాశాను. రాసేటప్పుడు కోపం, రాశాక ఏదోలా ఉంది. కల్పించేవాళ్లు పొదుపు చేశామని అంకె తగ్గించి రాస్తారు గానీ పెంచి రాస్తారా? అది ఇంటికొచ్చాక తట్టింది. నువ్వేమంటావు?

నీ మేనకోడలు

ఆగస్టు 9

అమ్మడూ,

కల్పితం కాదే పిచ్చిమొద్దూ, దొంగతనం.

మీటరుకి ముందే తీగ తగిలించి వాడుకుంటే మీటరు రెండే చూపిస్తుంది. నువ్వు ప్రాజెక్టు పెట్టి రోజూ అంకె రాయమనేసరికి భయపడి తీగ పీకేసి ఉంటారు. అందుకే ఆరైంది. ఇందులో అర్థం కాకపోవడానికేముంది?

ఇలాంటి కేసు నేనూ పట్టాను. టార్చి కథ ఇదే. చేరిన రెండో ఏడు. ఒక ఇంట్లోంచి పగలంతా మిషను మోత, ఇస్త్రీ వేడి మెట్ల దాకా కొట్టేది. మీటరు చూస్తే నత్తనడక. మూడు నెలలు చూసి ఆఫీసులో రాసిచ్చాను. "కొత్తగా వచ్చిన పిల్ల, కళ్లు చూడండి ఎంత చురుకో" అని పెద్దాయన అందరి ముందూ టార్చి చేతిలో పెట్టాడు. అప్పట్లో ఆ ఉద్యోగంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజు నేను నేలమీద నడవలేదు.

పిల్లని నెమ్మదిగా అడుగు, మీ ఇంటికి తీగ ఎక్కణ్నుంచి వస్తుందమ్మా అని.

అత్త

ఆగస్టు 10

అమ్మడూ,

ఇది కార్డే, నిన్నటి ఉత్తరానికి తోక. పిల్లని అడగకు. పసివాళ్లని అడిగే మాట కాదది. ముందు వాళ్లింట్లో మెయిన్ స్విచ్చి ఆపించి, మీటరులో చక్రం ఆగుతుందో లేదో చూడు. చక్రం అబద్ధం చెప్పదు.

అత్త

ఆగస్టు 16

అత్తా,

నీ కార్డు నేను అడిగిన మర్నాడు వచ్చింది.

నెమ్మదిగానే అడిగాను. ఆ పిల్ల నా మొహం వైపు చూసి, నోటుబుక్కు మూసి, సంచిలో పెట్టుకుంది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. గట్టిగా మాట్లాడలేదు, అందుకే ఇంకా భయమేసింది. "మా అత్తగారిని ఒకసారి దొంగ అన్నారు టీచర్. నేను కోడలిగా రాకముందు సంగతి, ముప్పై ఒక్క ఏళ్లయింది. పదకొండు రోజులు ఇంట్లో మెయిన్ దగ్గరే కరెంటు కోసేసి గోడలన్నీ వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా వీధిలో ఆ పేరు పోలేదు. నా కూతురు ఆ పేరు మొయ్యదు. ఇక బడికి పంపను, మాతోపాటు కుట్టుకుంటుంది" అని చెప్పి వెళ్లిపోయింది.

అత్తా, క్లాసులో మీటరు ముందు రెండుసార్లు నిలబడి చూసేది ఆ పిల్లొక్కతే. నా నోటి మాటకి దాని చదువు ఆగిపోతుంటే నాకు అన్నం సహించడం లేదు.

నిన్న ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. నాలుగంతస్తుల ఇల్లు, అంతస్తుకి రెండు వాటాలు. వీళ్లది పైన, ఏడో నంబరు. మీటర్లన్నీ కింద మెట్ల కింద, నడుం వంచితే గానీ కనపడవు. నీ టార్చి వేసి చూశాను. చెక్క మీద ఆకుపచ్చ పెయింటుతో నంబర్లు రాసి ఉన్నాయి, ప్రతి అంకె కిందా చుక్కతో సహా. మీ మీటరు వాళ్లందరికీ అదే అలవాటా?

నానమ్మ తలెత్తకుండా కుట్టుకుంటూనే ఉంది. పిచ్చుక మాత్రం పైకెళ్లి మెయిన్ ఆపింది. ఇల్లంతా ఆగిపోయింది. ఏడో నంబరు చక్రం మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇల్లంతా చీకటైతే కరెంటు ఎవరు వాడుతున్నట్టు?

నువ్వేం కంగారుపడకు, ఇది నువ్వు పట్టుకున్న ఇల్లు అయ్యుండదు. నువ్వు పట్టుకున్నది నిజం దొంగల్ని కదా.

నీ మేనకోడలు

ఆగస్టు 19

అమ్మడూ,

మళ్లీ వెళ్లు. వాళ్లింట్లో ఇస్త్రీపెట్టె ఒక్కటే వేయించు, మిగతావన్నీ ఆపించు. నువ్వు కింద కూర్చుని అన్ని చక్రాలూ చూడు. ఏది పరుగెడుతుందో రాయి.

ఆ ఎనిమిది అంకె ఎలా ఉందో కూడా చూడు. పైన చిన్న సున్నా, కింద పెద్ద సున్నా విడివిడిగా పెట్టి రాసినట్టుందా? చూసి రాయి. ఇంకేమీ రాయాలని లేదు.

అత్త

ఆగస్టు 24

అత్తా,

చూశాను. పిచ్చుక పైన ఇస్త్రీపెట్టె వేయగానే ఎనిమిదో నంబరు చక్రం గిర్రున తిరిగింది. ఆపగానే నెమ్మదించింది. మళ్లీ వేయించాను, మళ్లీ అంతే. ఆ పిల్ల మూడోసారి కూడా చేద్దామంది. చేశాం. ఏడు అని రాసి ఉన్న మీటరు ఎదురింటి వాళ్లది. ఎనిమిది వీళ్లది.

ఎందుకో కూడా తెలిసింది, అదీ పిచ్చుకే కనిపెట్టింది. కింద మూడంతస్తుల్లోనూ మెట్లెక్కగానే ఎడమచేతి వాటా ముందు నంబరు. పై అంతస్తు తర్వాత కట్టారట, అక్కడికి మెట్లు ఎదురు వైపుకి తిరుగుతాయి. అందుకని పైన మాత్రం కుడిచేతి వాటా ఏడు. నంబర్లు రాసినవాళ్లెవరో పైకి ఎక్కి చూడకుండా, తీగలు ఎటు పోతున్నాయో చూసి కిందనుంచే ఎడమ, కుడి అనుకుంటూ రాసేశారు. మీటర్లు మార్చినప్పుడల్లా ఆ పెయింటు చూసే బిగించారు. ఇప్పుడు ఎదురింట్లో ఒంటరి మనిషి ఉంటాడు, అందుకే రెండు యూనిట్లు. ఈ మధ్యే వాళ్లక్క కుటుంబం వచ్చి దిగింది, అందుకే ఆరు. మధ్యలో చాలా ఏళ్లు అక్కడ పెద్ద సంసారం ఉండేది, రెండిళ్ల వాడకమూ ఒకలాగే ఉండి ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరు ఎవరి బిల్లు కట్టారో ఆఫీసు వాళ్లు తేలుస్తారట, నేను దాని జోలికి పోను.

నేను ఎగిరి గంతేశాను. వాళ్లు వెయ్యలేదు. తల్లి, "ఇప్పుడు మీరు మీటరు తప్పంటారు టీచర్. అప్పుడు మా అత్తగారిది తప్పన్నవాళ్లని వచ్చి ఆ మాట అనమనండి. అప్పుడు పంపిస్తాను" అంది. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మనిషిని నేనెక్కడ వెతకను? ఆఫీసులో ఎవరినైనా అడిగి పెడతావా?

ఎనిమిది నువ్వన్నట్టే ఉంది, రెండు సున్నాలు విడివిడిగా. నీకెలా తెలిసింది?

నీ మేనకోడలు

ఆగస్టు 29

అమ్మడూ,

వెతకక్కర్లేదు. ఆ మనిషిని నేనే.

నీ 16వ తారీఖు ఉత్తరంలో ఆకుపచ్చ పెయింటు అన్న దగ్గర ఆగిపోయాను. పాత నంబర్లు చెరిగిపోయి ఉంటే, ఎవరూ చెప్పకుండా నేనే డబ్బా తెచ్చి రాశాను. చక్కగా రాశానని మురిసిపోయి చుక్కలు కూడా పెట్టాను. రెండోసారి చూశానన్న గుర్తు కదా చుక్క. చూశాను, అంకెని చూశాను. ఇంటిని చూడలేదు. పైకి ఎక్కడం బద్ధకమేసింది.

పెయింటు వేసిన తర్వాతే ఆవిడ మీటరు నత్తనడక నడిచింది. ఎదురింట్లో అప్పుడు ఊళ్లు తిరిగి సరుకమ్మే మనిషి ఉండేవాడు, నెలకి నాలుగు రోజులు ఉంటే ఎక్కువ. అతను తనకి బిల్లు ఎక్కువ వచ్చిందని అరిచాడు. అందరూ అరుస్తారులే అనుకున్నాను. ఈవిడ మాత్రం కరెంటు కోసేటప్పుడు మిషను మీద గుడ్డ కప్పి, నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను చాలాకాలం దొంగ చూపు అనుకున్నాను.

సైన్సు నీకు చెప్పేంతదాన్ని కాదు. కానీ పిల్లలకి చెప్పు, మీటరు ఎప్పుడూ నిజమే చెబుతుంది, అది ఎవరి గురించి చెబుతోందో మనమే కనుక్కోవాలని. నాకు సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది.

వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. వాళ్లకి ముందే చెప్పకు, చెబితే నా కాళ్లు వెనక్కి తిరుగుతాయి. టార్చి బయట పెట్టి ఉంచు.

అత్త

సెప్టెంబరు 9

అమ్మడూ,

క్షేమంగా చేరాను. మోకాళ్లు రెండూ నా మాట వినడం లేదు. నంబర్లు రాసేటప్పుడు ఎక్కని మెట్లు ఇప్పుడు ఎక్కాను కదా, వడ్డీతో కలిపి వసూలు చేస్తున్నాయి.

బస్సు దగ్గర నీతో చెప్పలేని మాట ఒకటి ఇక్కడ రాస్తాను. మూడో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకునే వంకతో ఆగాను చూడు, అప్పుడు చెవి మిషను తీసి సంచిలో వేసుకున్నాను. ఆవిడ తిడుతుందని తెలుసు. తిట్టించుకోడానికే వచ్చాను గానీ, వినే ధైర్యం చాల్లేదు. చెప్పాల్సింది నేను చెప్పాను. నంబర్లు నేనే రాశాను, కాగితం నేనే రాశాను, తప్పు మీటరుది కాదు, మీదీ కాదు, నాది అన్నాను. ఆవిడ పెదాలు కదిలాయి. నేను తలూపాను. మళ్లీ కదిలాయి. మళ్లీ తలూపాను. దేనికి తలూపానో దేవుడికే తెలియాలి.

అంతసేపు ఉన్నా కూర్చోమని ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు కూడా, నాకు తగిందే. టార్చి కుట్టు మిషను మీద పెట్టేసి వచ్చాను. అది అక్కడే ఉండాలి. పిల్లని బడికి పంపారా? అది ఒక్కటి రాయి.

ఇంకొకటి. నీ క్లాసులో పిల్లలందరూ ఇళ్లల్లో ఇస్త్రీపెట్టె పరీక్ష చేస్తున్నారని అన్నావు. అందులో ఇంకేమైనా తారుమారులు తేలితే వాటి కింద చుక్కలున్నాయేమో చూసి చెప్పు. నిద్ర పట్టడం లేదు.

అత్త

సెప్టెంబరు 13

అత్తా,

ముందు నువ్వు అడిగింది. పిచ్చుక సోమవారం బడికొచ్చింది. క్లాసు అందరి ముందూ నేను తప్పు చేశానని చెప్పాను. ఆ పేజీ చింపేసి కొత్తది అతికిస్తానంటే ఒప్పుకోలేదు. "చింపొద్దు టీచర్, చింపితే మనం అంకెలు దిద్దినట్టుంటుంది. కింద రాయండి" అంది. నా 'కల్పితం' కింద 'మీటరు వేరే ఇంటిది, అంకె నిజం' అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను. ఇప్పుడు ఇస్త్రీపెట్టె పరీక్ష క్లాసుకి పిచ్చుకే నేర్పుతోంది. వెనక బెంచీకి కూడా వినపడుతోంది. నలభై రెండు మందిలో ఇంకొకరింట్లో తారుమారు తేలింది. అది నీది కాదు, అక్కడ చుక్కల్లేవు. పడుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచిపోయాను. ఆవిడ నిన్ను కూర్చోమంది అత్తా. మూడుసార్లు అంది. కోడలు నీ వెనకే కుర్చీ తెచ్చి వేసింది కూడా. నువ్వు తలూపుతూ నిలబడే ఉన్నావు. నీ చెవిలో మిషను లేదని నాకేం తెలుసు, కావాలనే కూర్చోలేదనుకున్నాను. నిన్ను నువ్వు శిక్షించుకుంటున్నావనుకుని నేనూ నోరు మూసుకున్నాను. నువ్వు మెట్లు దిగాక ఆవిడేమందో తెలుసా? "ఇన్నేళ్లయినా మా ఇంట్లో కూర్చోడానికి ఆవిడకి మనసొప్పలేదు చూశావా" అంది. నేను తల దించుకుని నీ వెనకే దిగి వచ్చేశాను.

అందుకని నిన్న నీ ఉత్తరం పట్టుకుని వెళ్లాను. ఆవిడకి చదవడం రాదు, పిచ్చుక చదివి వినిపించింది. చెవి మిషను సంచిలో వేసుకున్న చోట ఆవిడ కుట్టు మిషను ఆపేసింది. మళ్లీ చదవమంది. పిల్ల మళ్లీ చదివింది. టార్చి మెట్ల కింద మేకుకి వేలాడుతోంది, అందరికీ పనికొస్తుందని ఆవిడే పెట్టించిందట. పాత నంబర్లు గీకేసి పిచ్చుక కొత్తవి రాసింది.

చివరికి ఆవిడ అంది, నేను అక్కడే కూర్చుని రాసుకున్నాను, ఒక్క మాట మార్చలేదు:

"ముప్పై ఒక్క ఏళ్లు తిట్టుకున్నాను. ఆ రోజు మాత్రం తిట్టలేదు, అంత దూరం నుంచి మెట్లెక్కి వచ్చింది కదా, ముందు కూర్చోమన్నాను. తిట్లు ఇంకా అలాగే ఉన్నాయి. వినాలంటే చెవిలో ఆ మిషను పెట్టుకుని రమ్మని రాయి. కుర్చీ తియ్యలేదని కూడా రాయి."

నీ మేనకోడలు